నానబోసిన పెండ్లి బియ్యం

నా పెండ్లిలో అన్నం తక్కువ పడింది. మగపెండ్లివారు రెండో బంతికి కూర్చున్నప్పుడు గంగాళం అడుగుకు గరిటె తగిలి మోగింది. ఆ చప్పుడు పందిట్లో అందరూ విన్నారు. మా ఆయనకు బాబాయి, నాకు చిన్నమామ అయ్యే మనిషి, విస్తరిలో సగం అన్నం ఉండగానే చెంబు అందుకుని చెయ్యి కడుక్కుని లేచాడు. ఆయన లేస్తే బంతి మొత్తం లేచింది. నేను అత్తగారింటి గడపలో కుడికాలు పెట్టకముందే నాకు పేరు పడింది. సగమిస్తరి పిల్ల.

బావి దగ్గర, కళ్లంలో, జొన్నచేలో నన్ను ఆ పేరుతోనే పిలిచారు. "సగమిస్తరి పిల్లా, కడవ నిండ ముంచినవా, సగమేనా?" అని తోడికోడళ్లు నవ్వేవారు. చిన్నమామ మా ఇంటికి వచ్చి జొన్న గటక తినడానికి కూర్చుంటే ముందు గిన్నెలోకి తొంగి చూసేవాడు. "ఇయ్యాల నిండుగనే వెట్టిందిరో" అని పక్కింటికి వినపడేలా అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. మరిచిపోవడం మాత్రం నాకు చేతకాదు.

తప్పెవరిదంటే మా మేనత్తది. ఆమె బాపుకు అక్క. ఇచ్చింది ఊళ్లోనే కాబట్టి మా వీధిలోనే ఇల్లు. నా పెండ్లికి వంటవాళ్లను తెచ్చింది ఆమె. వాళ్లు ఎసట్లో ఎంత పోశారో, ఎంత మూట కట్టారో ఎవరూ చూడలేదు. ఆ తరువాత ఆమె ఒక్కసారైనా నా తలమీద చెయ్యి వేసి "అయ్యో బిడ్డా" అనలేదు. నేను ఆమె ఇంట్లో మంచినీళ్లు ముట్టడం మానేశాను.

ఇదంతా ఇలా ఉండగా చిన్నమామ కొడుక్కే మా చెల్లెను ఇవ్వడానికి మాట కుదిరింది. పిల్లవాడు మంచివాడే, నేను కాదనను. కానీ మళ్లీ అదే మనిషి మా పందిట్లో, మా విస్తరి ముందు కూర్చుంటాడు. నేనైనా వేరే ఇంటి కోడలిని. చెల్లె ఆయన ఇంట్లోనే బతకాలి, మూడు పూటలా ఆయనకే వడ్డించాలి. మళ్లీ తక్కువ పడితే దానికి ఏం పేరు పెడతారో.

మా అత్తగారి ఊరు మర్రిగూడ వైపు. మా పుట్టిల్లు అచ్చంపేట దాటాక, అడవి మొదలయ్యే చోట. బండ్ల మీద రెండు దినాల తొవ్వ. పెండ్లికి నెల ముందే పుట్టింటికి వచ్చి బాపు ముందు కూర్చున్నాను.

"ఈసారి వంటోళ్ళు వద్దు బాపూ. మనమే చేసుకుందం."

"గంతమందికా?" అంది అమ్మ. "పొయ్యి కాడ ఎవలుంటరే? ఇంట్ల ఉన్నవి నాలుగు చేతులు."

"ముందుగాలనే చేసి పెట్టుకుందమమ్మా. అరిసెలు, సకినాలు, గరిజలు. గంపలల్ల పెట్టి అర్రకు తాళమేస్త. పెండ్లినాడు పొయ్యి మీద బువ్వ, పప్పు, పులుసు. గంతే."

నా ఆలోచనలో తప్పు లేదు, ఇప్పటికీ ఆ మాటే అంటాను. గంగాళంలో అన్నం మూత కింద ఉంటుంది. ఎంతుందో గరిటె మోగేదాకా తెలియదు. గంపలో పేర్చిన అరిసెలు కంటికి కనబడతాయి. తక్కువైతే నాలుగు దినాల ముందే తెలుస్తుంది. బాపు కాసేపు మీసం దువ్వుకుని సరేనన్నాడు.

సాయంత్రం మేనత్త వచ్చింది. మాట అప్పటికే ఆమెకు చేరింది. నా వైపు చూడకుండా బాపుతో అంది.

"పెండ్లికొచ్చినోళ్ళకు సల్లారిన అప్పాలు వెడ్తవా తమ్మీ? అడవికి కట్టెలకు పోయెటోళ్ళకు కట్టిస్తరు సూడు, గట్లనా? గిది పెండ్లి కాదు, సద్ది."

మరునాటికి వీధంతా 'సద్ది పెండ్లి' అంటోంది. వంటవాళ్లను తెచ్చి నా బతుకు సగం చేసిన మనిషికి, చెల్లె పెండ్లికి పేరు పెట్టే హక్కు ఎవరిచ్చారని అడుగుదామనుకున్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

మా వైపు పెండ్లికి పిండి దంచాలంటే ఆడవాళ్లను నోటితో పిలిస్తే సరిపోదు. కుంకుమ బరిణె పట్టుకుని గడప గడపకూ వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. బొట్టు పెట్టకపోతే సొంత చెల్లెలైనా రోకలి పట్టుకుని రాదు. నేను బరిణె తీసుకుని వీధి ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. మేనత్త అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆమె గడప దాటి పక్కింటికి వెళ్లాను. మరిచిపోయి దాటలేదు. చూసే దాటాను. ఆమె కూడా చూసింది.

ఆ మరునాడు చెల్లెకు పసుపు రాసి పెండ్లిపిల్లను చేశారు. ఇక పెండ్లి అయ్యేదాకా ఆమె గడప దాటకూడదు. పెండ్లికి ఇంకా నాలుగు దినాలుంది. కుండలు దింపడానికి వచ్చిన కుమ్మరాయన మోత దించకముందే అన్నాడు.

"లెవీ వాళ్ళు పక్కూర్ల ఉన్నరన్నా. గుమ్ములు ఊడుస్తున్నరు. పెండ్లి ఉందని ఆడోళ్ళు కాళ్ళ మీద వడ్డా ఇనలేదంట."

సర్కారుకు లెవీ కింద మా మీద పడిన ధాన్యం బాపు కళ్లంలోనే కొలిచి ఇచ్చాడు. అయినా తాలూకా లెక్క తక్కువ పడిందని మళ్లీ తిరుగుతున్నారు. మేము ఏడాది పొడుగునా తినేది జొన్న గటక, జొన్న రొట్టె. కుంట కింద ఉన్న మడిచెక్కలో పండిన కాసిని వడ్లు దంచి, ఈ పెండ్లి కోసమే రెండు గుమ్ముల బియ్యం పోసుకున్నాం. అవి పోతే చేతిలో పెట్టడానికి ఏమీ లేదు.

"పాతర్ల దాస్త" అన్నాడు బాపు.

"వాళ్ళెంబడి ఉండేది మన పట్వారేనాయె. మన పాతర యాడున్నదో ఆయనకు తెల్వదా?" అంది అమ్మ. "పోయినేడు పాతర్ల దాసినాయనను ఏం జేసిన్రో యాదికి లేదా?"

చావడి ముందు మిట్టమధ్యాహ్నం వంగబెట్టి వీపు మీద రాయి పెట్టారు. అందరికీ గుర్తుంది. బాపు బయటికి వెళ్లాడు.

వాళ్లు ఆలోచిస్తూ ఉండగా నేను అర్రలోకి వెళ్లాను. పిండివంటలకని తెచ్చిన పెద్ద కాగులు వరసగా ఉన్నాయి. గుమ్మి తీసి బియ్యం గంపతో ఎత్తి కాగుల్లో పోశాను. నీళ్లు పోశాను. రెండో గుమ్మి అడుగు కనబడుతుండగా అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏం జేస్తున్నవే?"

"నానవోస్తున్న. తడిసిన బియ్యం ఎవడన్న సంచుల పోసుకపోతడా?"

"అన్నా? అన్ని పోసినవా?"

"అన్ని."

"మరి బువ్వకేదే?"

నా చేతిలో గంప ఖాళీగా ఉంది. తలంబ్రాలకు, ఒడిబియ్యానికి ఒక చాటలో తీసి పెట్టాను. అంతే మిగిలింది. అమ్మ నెత్తి కొట్టుకుంది. బాపు వచ్చి ఒక్కొక్క కాగులోకీ చూసి గోడకు చేరగిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. "ఇగ అయిపాయె. మూతలు వెట్టున్రి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తొందరపడ్డానని తరువాత చాలామంది అన్నారు. ఆ ఏడు వాళ్ల గుమ్ముల్లో ఏం మిగిలిందో నేను అడగను.

పొద్దు వాలకముందే లెవీ వసూలు చేసే గిర్దావర్ వచ్చాడు. వెంట మా ఊరి పట్వారి, సంచులు పట్టుకుని ఇద్దరు జవాన్లు. గుమ్ముల మీద కర్రతో కొడితే డొల్లగా మోగాయి.

"పెండ్లి ఇల్లంటిరి. బియ్యం లేకుంట పెండ్లా?"

"నానవోసినం సర్కారూ. అరిసెలకు" అన్నాడు బాపు.

గిర్దావర్ చొక్కా చెయ్యి పైకి మడిచి కాగులో మోచేతి దాకా ముంచాడు. గుప్పెడు తీసి, నీళ్లు కారిపోయేదాకా పట్టుకుని చూశాడు. పట్వారి మా ఇంటి కప్పు వైపు చూస్తున్నాడు.

"గిన్ని అరిసెలా? ఎవలి పెండ్లి, నవాబుదా?" అని నవ్వాడు గిర్దావర్. నవ్వు ఆపి, బియ్యం మళ్లీ కాగులో వేశాడు. "నేనిట్ల పోంగనే మీరు చాపల మీద ఎండవోస్తరు. నాకు తెల్వదా? రేపు పొద్దుగూకె వరకు మళ్ళ వస్త. ఈ ఇంట్ల ఒక్క బియ్యపు గింజ నిలువుగ కనవడ్డదో, జొన్నలు గూడ ఎత్తుకపోత. ఈయనను చావడికి పట్టుకపోత. సమజైందా?"

ఆయన వేలు బాపు ఛాతీకి ఆనుకుని ఉంది.

అంటే ఆ బియ్యమంతా మరునాటి సాయంత్రానికి పిండి కావాలి. నానిన బియ్యాన్ని తడి మీదే దంచాలి. దంచిన పిండిని వెంటనే పాకంలో పోయాలి, లేకపోతే పులుస్తుంది. రెండు గుమ్ముల బియ్యం దంచాలంటే వీధిలో ఉన్న ప్రతి రోకలీ కావాలి. ముందు అనుకున్న రోజు ఇది కాదు కాబట్టి అమ్మ గడప గడపకూ పరుగెత్తింది. ముఖం వాడిపోయి తిరిగొచ్చింది.

"ఎవలూ రామన్నరు."

"నేను బొట్టు వెట్టిన గదా!"

"నువ్వు వెట్టినవు. ఇంటి ఆడిబిడ్డకు వెట్టినవా? ఆమె రాంది రోకలికి పసుపుకొమ్ము ఎవలు కడ్తరు, కట్టంది మేమెట్ల ఎత్తుతమని ఒక్కటే మాట. గింత పాకం ఎవలు వడ్తరని గూడ అడిగిన్రు."

అది నిజమే. మా వైపు పెండ్లి పనిలో మొదటి రోకలికి పసుపుకొమ్ము కట్టవలసింది ఇంటి ఆడబిడ్డ. మా ఇంటికి ఆడబిడ్డ అంటే మేనత్తే. ఇక పాకం సంగతి చెప్పనక్కర్లేదు. శేరు బియ్యానికి ఎవరైనా పడతారు. కొప్పెరలో పాకం పట్టే చెయ్యి మా వీధిలో ఆమెదొక్కటే.

"అయితే నువ్వు పోయి పిలువు" అన్నాను అమ్మతో.

"దాటిపోయినదానివి నువ్వు. నేను పోతే వస్తదా?"

నేను కదలలేదు. ఆ మనిషి గడప ముందు నిలబడడం కంటే ఆ బియ్యమంతా నేనొక్కదాన్నే దంచుతాననిపించింది. అప్పుడు పీట మీద కూర్చున్న చెల్లె లేచింది. పసుపు కాళ్లతో తలుపు దాకా వచ్చి చెయ్యి చాచింది.

"బరిణె ఇటియ్యక్కా. నేను పోత."

"నీకేమన్న పిచ్చా? గడప దాటొద్దు."

"దాటకుంటె ఏం మిగుల్తది? నీకు సగమిస్తరి అని పేరు వెట్టిన్రు. బాపును చావడికి గుంజుకపోతె నాకేం వెడ్తరు? పంతం నీది, పేరు నాదా?"

ఆమె కాలు గడప మీదికి వచ్చింది. అవతల పడలేదు. నేను బరిణె తీసుకుని బయటికి నడిచాను.

మేనత్త అరుగు మీదే ఉంది. అదే చింతపండు. నన్ను వీధి మలుపులోనే చూసింది, అయినా దగ్గరికి వెళ్లాక తల ఎత్తకుండా "ఎవలు?" అంది.

"నేనత్తా."

"నేనంటె? నాకు బొట్టు వెట్టనోళ్ళు శానమంది ఉన్నరు."

"వెట్టనీకే వచ్చిన."

"మొన్న తొవ్వ తప్పినవా?"

"తప్పలె. సూసే పోయిన."

అప్పుడు తల ఎత్తింది. "గిది నచ్చింది" అంది. "కండ్లు కనవడలే అనలేదు, యాదిమర్చిన అనలేదు." చింతపండు గింజ ఒకటి దూరంగా విసిరింది. "నీ పెండ్లికి వంటోళ్ళను తెచ్చింది నేనే. కాదన్ననా? బియ్యం కొలిచిచ్చింది మీ బాపు. ఎన్ని కొలిచిచ్చినవని ఆయన్ను ఒక్కనాడన్న అడిగినవా?"

నేను అడగలేదు. ఆ తరువాత కూడా అడగలేదు. ఆ మాట నిజమని ఈనాటికీ నేను ఒప్పుకోవడం లేదు. వంగి బొట్టు పెట్టాను. కోపంతో గట్టిగా అద్దేసరికి కుంకుమ ఆమె ముక్కు మీద కూడా పడింది.

"ముక్కుకు గూడ వెట్టినవు, ఇగ రాకుంటె బాగుండదు" అని లేచింది. "బెల్లం ఎంతున్నది?"

"అనుకున్న అరిసెలకు సరిపోను."

"నానవోసింది అనుకున్నన్నేనా?"

బరిణె మూత పెట్టాను. ఆమె లోపలికి వెళ్లి దూలం మీది రోకలి దించుకుంది.

కోడి కూసేసరికి మా వాకిట్లో రోకళ్లు మోగుతున్నాయి. మేనత్త మొదటి రోకలికి పసుపుకొమ్ము కట్టి మూడు పోట్లు వేసి పక్కకు తప్పుకుంది. వడకట్టిన బియ్యం రోళ్లలో పడుతున్నాయి, పిండి జల్లెళ్లలోకి వస్తోంది. నేను రోలు దగ్గరే ఉన్నాను. కాసేపటికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఎన్ని దంచినా కాగుల్లో బియ్యం తగ్గినట్టే కనిపించలేదు.

మేనత్త కాగులన్నీ తిరిగి చూసింది. బెల్లం ముద్దలు చేత్తో ఎత్తి చూసింది. తరువాత అందరి ముందూ నన్ను అడిగింది.

"గిన్ని బియ్యానికి బెల్లం యాడికెళ్ళి తెస్తవే? నీ అత్తగారింటికెళ్ళా?"

ఆడవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

"రెండు కాగులు అరిసెలకు. రెండు సకినాలకు, నువ్వులు వాము బాగనే ఉన్నయి. మిగిలినయి సగమే దంచున్రి" అంది మేనత్త. "మెత్తగైంది పిండిల కలుపున్రి. జల్లెట్ల మిగిలింది పారెయ్యకుండ్రి. సూరు కింద బట్ట మీద ఆరవోయిండ్రి."

"నూకనా?" అన్నాను. "పెండ్లిల నూక వెడ్తమా? కోడిపిల్లలకేసేది?"

"బువ్వకు ఒక్క గింజ ఉంచనిదానివి నువ్వు మాట్లాడకు. దంచు."

నూకతో ఆమె ఏం చేయాలనుకుంటోందో చెప్పలేదు. చెప్పమని నేను అడగలేదు. దంచాను.

కొప్పెరలో బెల్లం కరిగి పొంగడం మొదలైంది. మేనత్త పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుని కూర్చుంది. తెడ్డు అంచు నుంచి ఒక చుక్క నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరికి తీసేది. నీళ్లలో చెదిరిపోతే పాకం లేత. ఆ పాకంలో పిండి పోస్తే అరిసె నూనెలో పొడిపొడిగా విడిపోతుంది. కొంచెం ఆలస్యమైతే ముదురు. అప్పుడు అరిసె రాయిలాగా మారి ముసలివాళ్ల పళ్లు ఊడతాయి. మా దగ్గర ఉన్న బెల్లమంతా ఆ కొప్పెరలోనే ఉంది. రెండోసారి లేదు. చుట్టూ చేరిన ఆడవాళ్లు రోకళ్లు ఆపేశారు.

"దించుదమా?" అంది అమ్మ.

"ఆగు."

"మాడుతది వదినె."

"ఆగుమన్ననా."

ఆమె వేళ్ల మధ్య చుక్క చిన్న ఉండగా నిలిచింది. మెత్తగా, తేనెరంగులో. "దించు!" అని అరిచింది. అమ్మా నేనూ గుడ్డలతో పట్టి దించాం. అందరూ నాలుగువైపుల నుంచి పిండి పోస్తుంటే ఆమె తెడ్డు తిప్పింది. మొదటి అరిసెను మోదుగాకు మీద ఒత్తి నూనెలో వేసింది. అది మునిగింది. ఎంతసేపు మునిగి ఉందో చెప్పలేను. నిండుగా, అంచు చెదరకుండా పైకి తేలింది. ఎవరో ఊపిరి వదిలారు. ఆ ఊపిరి నాదే అనుకుంటాను.

పొద్దు పడమటికి వాలేసరికి ఆఖరి కాగు బోర్లించాం. అప్పుడు చెల్లె లోపలి నుంచి కేకేసింది. "అక్కా, తలంబ్రాల బియ్యం!"

చాట నిండా బియ్యం, పొడిగా, నిలువుగా ఉన్నాయి. ఒక్క గింజ కనబడితే అన్నాడు గిర్దావర్. అవి కూడా రోట్లో పోస్తే పెండ్లిలో తలంబ్రాలు ఉండవు.

"పసుపు కలుపు బిడ్డా" అంది మేనత్త పొయ్యి దగ్గరి నుంచి లేవకుండానే. "పసుపు వడ్డంక అవి బియ్యం కాదు, పెండ్లి. వాటిని ముట్టనీకె ఎవనికి ధైర్నం ఉంటదో సూస్త."

చెల్లె తన చేతులతోనే కలిపింది.

గిర్దావర్ వచ్చాడు. గుమ్ములు చూశాడు, కాగులు చూశాడు, పసుపు బియ్యం చాట ముందు ఒక క్షణం ఆగి ముందుకు నడిచాడు. సూరు కింద ఆరబోసిన నూక దగ్గర వంగాడు.

"గిదేంది?"

"నూక సర్కారూ" అన్నాడు బాపు.

"నూక బియ్యం కాదా?"

బాపు నాలుకతో పెదవి తడుపుకోవడం నాకు కనబడింది. జవాను సంచి నోరు విప్పాడు. మేనత్త అరిసె తిప్పుతూనే అంది.

"బియ్యమే అయితె పోసుకోండ్రి దొరా. తడి నూక, రేపటికి పులుస్తది, ఎల్లుండికి పురుగు వడ్తది. గోదాంల ఎవలన్న అడిగితె మా ఇంటికెళ్ళే తెచ్చినమని చెప్పుండ్రి."

ఆయన గుప్పెట్లోని నూకను వాసన చూసి బట్ట మీదికి విసిరాడు. వెళుతూ వెళుతూ గంపలోంచి ఒక అరిసె తీసి కొరికాడు. నములుతూ జవానుకు సైగ చేశాడు. వాడు ఆ గంపే ఎత్తుకున్నాడు. ఈత గంప, అంచుకు ఎర్రగుడ్డ కుట్టినది, అమ్మ పుట్టింటి నుంచి వచ్చినది. అది తిరిగి రాలేదు.

చీకటి పడుతుండగా బాపు చావడికి పోకుండా ఇంట్లోనే కూర్చుని గటక తిన్నాడు. నేను మాత్రం వేళ్ల మీద దినాలు లెక్కపెట్టాను. చిన్నమామ బండ్లు అప్పటికే దేవరకొండ దాటి ఉంటాయి. ఆయన విస్తరిలో వేయడానికి బువ్వ లేదు.

పెండ్లికి ముందురోజు మేనత్త ఆరిన నూకను ఉడికించి, చింతపండు పులుసు, పసుపు, పల్లీలు కలిపి పులిహోర చేసింది. ఆ చింతపండు ఆమె అరుగు మీద నేను రెండుసార్లు చూసిందే. నా కోసం తీసిందని అనను. జొన్న రొట్టెలు కాల్చి ఆరబెట్టాం. పెండ్లినాడు పొయ్యి మీద పెట్టింది పప్పు ఒక్కటే.

మొదటి బంతి కూర్చుంది. చిన్నమామ తలకొసన కూర్చున్నాడు. ఊరి పెద్ద కాబట్టి పట్వారిని ఆయన పక్కనే కూర్చోబెట్టారు. మోదుగాకు విస్తళ్లలో అరిసెలు, సకినాలు, పులిహోర, రొట్టె, పప్పు పడ్డాయి. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని అరిసెల గంపతో నిలబడ్డాను. పెద్దమనిషి ముద్ద కలిపేదాకా బంతిలో ఎవరూ చెయ్యి పెట్టరు. చిన్నమామ విస్తరి ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"బువ్వ ఏది?"

బంతిలో తలలన్నీ నా వైపు తిరిగాయి.

"బువ్వ ఇంక రాలేదా, లేకనే పాయెనా?"

చెప్పడానికి నోరు తెరిచాను. పట్వారి ముఖం కనబడింది. లెవీకి దొరక్కుండా నానబోశామని ఆయన ముందు అంటే మరునాడే గిర్దావర్ మా వాకిట్లో ఉంటాడు. అనకపోతే ఆడపెండ్లివారికి బువ్వకు గతిలేదని మాట మిగులుతుంది. తెరిచిన నోరు మూసుకున్నాను. చిన్నమామ చెయ్యి విస్తరి మీది నుంచి వెనక్కి వచ్చింది. నీళ్ల చెంబు వైపు వెళ్లింది. ఆ చెయ్యి అలా వెళ్లడం నేను ఒకసారి చూశాను. తలుపు సందులో చెల్లె గాజులు చప్పుడయ్యాయి.

"ఏంది బావా, కండ్ల ముంగట వెట్టుకొని బువ్వ ఏదంటవు?"

మేనత్త పులిహోర గంగాళంతో ఆయన ఎదుట నిలబడింది. వరసకు బావామరదళ్లు, ఎంత మాటైనా చెల్లుతుంది.

"రెండు గుమ్ముల బియ్యం, గింజ మిగల్చకుంట నీ ఇస్తర్లనే వోసినం. దంచినం, నూనెల గోలిచ్చినం, నూక జేసి పులుసు వోసినం. గింజ నిలువుగ కావాల్నంటె యాడికెళ్ళి తేవాలె? నిలువుగ ఉన్న గింజను ఈ ఏడు ఉండనిచ్చిన్రా? మీ ఊర్ల ఉండనిచ్చిన్రా?"

పట్వారి వైపు ఆమె చూడలేదు. చిన్నమామ చూశాడు. పట్వారి తల వంచుకుని సకినం విరుస్తున్నాడు. అది చాలా చిన్న సకినం, విరవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

చిన్నమామ చెయ్యి చెంబు దగ్గరే ఆగింది. తరువాత నెమ్మదిగా విస్తరి మీదికి వచ్చింది.

"మా ఊర్ల నూక గూడ మిగల్లే" అన్నాడు.

అరిసె విరిచి నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు బంతి మొత్తం చేతులు పెట్టింది.

అక్కడితో వదిలేస్తే నేను నేనే కాదు. ఆయన ముందు ఆగి మరో రెండు అరిసెలు వేశాను. చాలన్నాడు. ఇంకో రెండు వేశాను. సకినాలు జారి కింద పడుతున్నాయి.

"ఇస్తరి నిండింది పిల్లా."

"ఏమంటివి మామా? ఇనవడలె."

"నిండిందే తల్లీ, నిండింది!" అని గట్టిగా అన్నాడు. బంతిలో నవ్వులు లేచాయి. తినలేక మిగిలినవాటిని ఆయన రుమాలులో మూట కట్టుకున్నాడు. రెండు దినాల తొవ్వ కదా. మగపెండ్లివారి ప్రతి బండిలోనూ మా అరిసెల గంప వెళ్లింది. సద్ది అని వెక్కిరించిన మనిషే ఆ గంపలకు గుడ్డలు కట్టింది. ఆ సంగతి ఆమెకు గుర్తు చేద్దామనుకున్నాను. ఆమె నా వైపు తిరగలేదు.

చెల్లెకు ఆ ఇంట్లో ఏ పేరూ పడలేదు. కావలసింది అదే, అది జరిగింది. చిన్నమామ నన్ను కూడా మళ్లీ ఆ పేరుతో పిలవలేదు. తోడికోడళ్లు మాత్రం మరికొన్నాళ్లు అన్నారు. కానీ ఆ పెండ్లి గురించి ఎవరు మాట్లాడినా మేనత్త చేతి పాకమంటారు, మేనత్త నోటి మాటంటారు. చెల్లె తన పిల్లలకు కూడా అలాగే చెప్పుకుంది. బియ్యం నానబోసింది ఎవరని అడిగినవాళ్లు లేరు. నానబోయకపోతే ఆ పాకం దేనిలో పోసేదో నాకు చెప్పినవాళ్లూ లేరు.

చాలా ఏళ్లకు చెల్లె తన బిడ్డ పెండ్లికి బరిణె పట్టుకుని నా గడపకు వచ్చింది. అందరికంటే ముందు నాకే బొట్టు పెట్టింది.

"బియ్యం నానవోయనీకె నువ్వే రావాలె అక్కా."

వెళ్లాను. ఇన్నాళ్లకు గుర్తుకొచ్చానే అనుకుని, చీర కుచ్చెళ్లు ఎగదోపి అర్రలోకి పోయాను. అరిసెలకు కావలసిన బియ్యం కాగు పక్కన కొలిచి పెట్టి ఉన్నాయి. బువ్వకు కావలసినవి వేరే అర్రలో పోసి, తాళం వేసి, తాళంచెవి చెల్లె బొడ్లో దోపుకుని ఉంది.